వెండి పిల్లా, నీ పేరే పిలుస్తున్నా

మా అంగట్లో ఎండుమిరప తట్టకూ మక్కల కుప్పకూ నడుమ, ఎండుచేపల గోనెపట్ట మీద, నిన్ను మొదటిసారి చూశాను. ఉప్పు కట్టిన ఒళ్ళు, ఎండ తాగిన కన్ను, అయినా ఆరిపోని మెరుపు. కవళ్ళు! సముద్రం ఎరుగని కరీంనగరం బిడ్డను నేను; నాకు కడలి అంటే నువ్వే, అల అంటే నీ వాసనే.

ఓ వేలెడు వెన్నెలా! నీళ్ళలో ఉన్నప్పుడు నీ ఒళ్ళు వెలుతురు చొరబడేంత తేట. పక్కల మీద మొప్ప నుంచి తోక దాకా ఒకే ఒక్క వెండి జరీ. నాలుగంగుళాలు నిండని నువ్వు గుంపు కట్టి మళ్ళితే, నీళ్ళు కొంగు దులిపినట్టు, దులిపిన కొంగులోంచి చుక్కలు రాలినట్టు.

మా గోదారి బాసరలో పసివాళ్ళ పలకలు చూసి, ధర్మపురి మెట్లు తడిమి, కాళేశ్వరంలో ప్రాణహితను కావలించుకుని, నీ కోసమే కడలికి పోతుందేమో! నువ్వేమో ఎదురుదారిన, ఉప్పు బస్తాలో, లారీ ఎక్కి మా దగ్గరికి. నది నీకు ఎక్కడ ఎదురైందో, ఏం చెప్పుకున్నారో!

నీ అక్షరాభ్యాసం మాత్రం బాసరలో కాదు, విశాఖ ఒడ్డున. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండు వైద్యుడు పల్లెకారుల పలుకుకు చెవి ఒగ్గాడు. 1803లో అచ్చయిన ఆయన రెండు వందల చేపల పుస్తకంలో చందువలూ కారలూ తెలుగు పేర్లతోనే కొలువుతీరాయి. వాటి నడుమ ‘కోవల్’. దొర నాలుక మీద మన ‘ళ్ళు’ నిలవలేదు పాపం! పారిస్‌లో జంతుశాస్త్రవేత్త కువియే ఆ పిలుపునే అందుకుని లాటిన్ కోక చుట్టాడు. 1847లో మరో శాస్త్రవేత్త వాలెన్సియెన్ ఒక ప్రజాతికే ‘కోవాలా’ అని పేరు పెట్టాడు. తడి ఇసుక మీద నిలబడి ఎవరో వేసిన కేక, ఎక్కడో గాజుసీసా మీద చీటీ అయింది! మన మత్స్యశాస్త్ర పుస్తకాల్లో చాలాకాలం నువ్వు ‘కోవాలా కోవల్’వి, వింటుంటే గువ్వ కువకువలాడినట్టు ఉంటుంది.

శాస్త్రం తర్వాత మనసు మార్చుకుంది. 1940లో విట్లీ అనే మత్స్యశాస్త్రవేత్త పెట్టిన ‘ఎస్కువలోసా’ నీ ఇంటిపేరు. వాలెన్సియెన్ పెట్టిన ‘థొరాకాటా’ నీ పేరు, కవచం తొడిగినదని అర్థం. పొట్ట అంచున ఆ సన్నని పొలుసుల రంపం వేలికి తగిలినప్పుడల్లా ఆ పేరు నచ్చుతుంది నాకు. ఇంటిపేరు మాత్రం నోటికి పట్టదు.

మబ్బు కమ్మిన మిరుగం పొద్దు. చింతపులుసుకు నీళ్ళు కాగుతుంటాయి ఇంట్లో. అంగట్లో అవ్వ తరాజు ఎత్తి, ‘కవళ్ళు బిడ్డా, కవళ్ళు’ అంటుంది, ‘ళ్ళు’ దగ్గర కాస్త సాగదీసి. తూకం సరిపోయాక, గుప్పిట పట్టినన్ని ఇంకా కొసరు పోస్తుంది.