చార్మినార్ వుంది, మనిషి లేడు

దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో ఆ ఇల్లు నాకు బాగా నచ్చింది. 2013 ఏప్రిల్. రెండు గదులు, వంటిల్లు, మేడమీదికి మెట్లు, రోజు విడిచి రోజు మున్సిపల్ నీళ్ళు. ప్రహరీగోడ మీద ఎవరో బడిపిల్లలు వేసిన బొమ్మ. ఓంకారం, నెలవంక, శిలువ, సిక్కుల ఖండా, వాటి కింద ఒకదాన్నొకటి పట్టుకున్న నాలుగు చేతులు. 'మనమంతా ఒక్కటే' అని తెలుగులో పెద్దక్షరాలు. ఇంటావిడ మర్యాదస్తురాలు. మంచినీళ్ళిచ్చింది. పత్రికలో పనిచేస్తానంటే సంతోషించింది. 'మీ తెలుగు ఎంత బాగుందండీ, ఏ వూరు మీది?' అంది. నల్లగొండ అన్నాను. అడ్వాన్సు సంగతి కూడా మాట్లాడుకున్నాం. ఆఖర్న పేరడిగింది. చెప్పాను. ఆమె ముఖంలోకి కోపం రాలేదు, అసహ్యమూ రాలేదు. భయం వచ్చింది. 'మా వారినడిగి ఫోన్ చేయిస్తాను బాబూ, ఏమీ అనుకోవద్దు' అంది. ఆ ఫోన్ ఇంతవరకూ రాలేదు.

ఆ బొమ్మ వేసిన పిల్లల్ని నేను తప్పుపట్టను. వాళ్ళు నిజాయితీగానే వేసివుంటారు. నా పేచీ ఆ బొమ్మకి మనం అప్పగించిన పనితో. మనుషులు చెయ్యాల్సిన పనిని గోడకి అప్పగించి, గోడ చేసేసిందని చేతులు దులుపుకోవడంతో.

ఆ ఇంటావిడ భయానికి కారణం నాకు తెలియనిది కాదు. అంతకు రెండునెలల కిందట, 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం, దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు దగ్గరా, కోణార్క్, వెంకటాద్రి థియేటర్లున్న ఆ రద్దీలో మరోచోటా రెండు బాంబులు పేలాయి. 18 మంది చనిపోయారు. కోచింగ్ సెంటర్ల నుంచి హాస్టళ్ళకి పోయే పిల్లలు, కూరగాయలు కొనుక్కుని బస్సు కోసం నిలబడ్డవాళ్ళు. ఆ మృతుల్లో ముస్లింలూ వున్నారు. బాంబు పేర్లడిగి పేలలేదు. పేర్లడగడం ఆ తర్వాత మొదలైంది. నేరం చేశారని రుజువైన అయిదుగురికి 2016 డిసెంబర్లో ప్రత్యేక కోర్టు మరణశిక్ష వేసింది. 2025 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. 2007 మే 18న మక్కా మసీదులో నమాజు వేళ బాంబు పేలితే చచ్చిందీ మావాళ్ళే, ఆ తర్వాత ఠాణాల్లో తన్నులు తిన్నదీ మా మొహల్లాల కుర్రాళ్ళే. ఆ కేసులో విచారణ ఎదుర్కొన్న అయిదుగురూ 2018 ఏప్రిల్లో నిర్దోషులుగా విడుదలయ్యారు. ఒక పేలుడుకి శిక్ష వుంది, మరో పేలుడుకి నేరస్థుడే లేడు. ఈ నగరంలో గోడమీద నాలుగు మతాల గుర్తులు వేసేవాడికి ఈ రెండు తేదీలూ పక్కపక్కన గుర్తుండాలి. గుర్తులేకపోతే వాడు వేసేది అలంకారం. సున్నం కొట్టినా అదే పని జరుగుతుంది.

బొమ్మలతో జనాన్ని కలపొచ్చన్న నమ్మకం మన ఒక్కరిదే కాదు. దీన్ని పద్ధతిగా చేసి చూసినవాళ్ళు ఉత్తర ఐర్లండువాళ్ళు. బెల్‌ఫాస్ట్‌లో కేథలిక్కుల వీధులకీ ప్రొటెస్టెంట్ల వీధులకీ మధ్య 1969 నుంచి గోడలు కట్టుకుంటూ వచ్చారు. వాటికి పెట్టిన పేరు శాంతి గోడలు! ఇరుపక్షాలూ ఇళ్ళ గోడలమీద తమ సాయుధుల బొమ్మలు వేసుకున్నాయి, ముసుగులతో, తుపాకులతో. 1998లో ఒప్పందం కుదిరాక, 2006లో అక్కడి ఆర్ట్స్ కౌన్సిల్ ఒక పథకం పెట్టింది. బస్తీవాళ్ళు ఒప్పుకుంటే తుపాకి బొమ్మ తీసేసి వాళ్ళు కోరుకున్న ఇంకో బొమ్మ వేయిస్తారు. అలా ఫుట్‌బాల్ ఆటగాళ్ళు వచ్చారు, ఓడలు కట్టిన కార్మికులు వచ్చారు. ఇందులో నాకు నచ్చింది రంగు కాదు. రంగు పడేముందు జరిగిన మాటలు. ఆ తుపాకి బొమ్మ వేయించినవాడితో కూడా కూర్చుని మాట్లాడాలి, పొద్దున్నే తలుపు తీస్తే తుపాకిని చూసే ముసలామెతోనూ మాట్లాడాలి. అయితే గోడలు? 2023 కల్లా అన్నీ పడగొడతామని 2013లో అక్కడి ప్రభుత్వం మాటిచ్చింది. పడగొట్టలేదు. పిల్లల్లో అత్యధికులు ఇప్పటికీ వేరువేరు బళ్ళలోనే చదువుతున్నారు. గోడమీద బొమ్మ మారింది, గోడ మారలేదు. మనకి శాంతి గోడల్లేవు. టూలెట్ బోర్డులున్నాయి. ముస్లింలకి ఇల్లు దొరకడం కష్టంగా వుందని సచార్ కమిటీ 2006లోనే రాసింది.

మన నగరంలో ఈ తరహా ప్రయత్నం పెద్దెత్తున జరిగింది 2016లో, రాజ్‌భవన్ వెనక ఎం.ఎస్. మక్తా బస్తీలో. స్టార్ట్ ఇండియా అనే సంస్థ దేశవిదేశాల చిత్రకారుల్ని తీసుకొచ్చి ఇళ్ళ గోడలకి బొమ్మలు వేయించింది. హిందువులూ ముస్లింలూ ఇరుకిరుగ్గా బతికే బస్తీ అది. హైదరాబాద్‌కే చెందిన స్వాతి, విజయ్ దంపతులు మామూలు ఆడవాళ్ళ ముఖాల్ని గోడంత పెద్దవి చేసి నిలబెడతారు. వాళ్ళ బొమ్మల ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. ఆ ఆడవాళ్ళకి మతం గుర్తు అతికించాల్సిన అవసరం వాళ్ళకి తోచలేదు. పని చేసి అలసిన కళ్ళు చాలనుకున్నారు. అది కళాకారుడి తెలివి, కమిటీకి రాదు. మక్తాలో నాకు వెలితిగా తోచింది మరొకటి. చూడటానికి వచ్చినవాళ్ళు కెమెరాలతో వచ్చారు, బొమ్మ పక్కన నిలబడి ఫొటో తీసుకున్నారు, పోయారు. ఆ గోడ వెనక వున్నవాళ్ళ నల్లా సంగతి, మురిక్కాలవ సంగతి బొమ్మలోకి రాలేదు. ఇద్దరి ఇంట్లోకీ ఒకే మురుగు వస్తుంది, ఒకే వాన వస్తుంది. కలిసి బతకడమంటే అక్కడ అదే.

ఇక సర్కారీ గోడల సంగతి. తెలంగాణ వచ్చాక ఫ్లైఓవర్ల కిందా, అండర్‌పాసుల్లోనూ బొమ్మలు బాగా పెరిగాయి. బతుకమ్మ, బోనాలు, పోతరాజు, పేరిణి. చాలాకాలం మా బతుకమ్మని సినిమాల్లో కూడా రానివ్వలేదు కాబట్టి ఆ బొమ్మలు చూస్తే నాకు గర్వమే. వాటి పక్కన తప్పకుండా ఒక చార్మినార్ వుంటుంది. కాస్త జాగ్రత్తగా చూడండి. బతుకమ్మ బొమ్మలో ఆడవాళ్ళున్నారు. బోనం బొమ్మలో నెత్తిన కుండ పెట్టుకున్న మనిషి వుంది. పోతరాజు మనిషే. చార్మినార్ దగ్గరికి వచ్చేసరికి మనిషి లేడు. నాలుగు మినార్లు, వెనక సూర్యుడు, మహా అయితే రెండు పావురాలు. వాళ్ళది సంస్కృతి, మాది కట్టడం! నాలుగొందల ఏళ్ళుగా ఈ నగరంలో తాళాలు బాగుచేసినవాడు, గాజులు అమ్మినవాడు, బీడీలు చుట్టినామె, రిక్షా తొక్కినవాడు ఆ గోడమీదికి ఎక్కలేదు. ముస్లిం ఎక్కితే నవాబుగా ఎక్కాలి, లేదా బిర్యానీగా. పీర్ల పండుగ ఎక్కడ? తెలంగాణ పల్లెల్లో అలావా గుండం చుట్టూ అసయ్‌దూలా ఆడే గొల్లలు, మాదిగలు, పీరునెత్తుకునే కుమ్మరి, ఇది ఇద్దరిదీ అయిన పండుగ కాదా? ఇద్దరిదీ కనకనే దాన్ని ఏ గళ్ళో పెట్టాలో సర్కారీ కళకి అర్థం కాలేదనుకుంటాను.

ఎల్బీనగర్ చౌరస్తాకి 2023లో శ్రీకాంతాచారి పేరు పెట్టారు. 2009 నవంబర్ 29న అక్కడే ఒంటికి నిప్పంటించుకున్నాడు ఆ పిల్లాడు. ఆ రోజుల్లో కులమతాలు లేకుండా రోడ్డెక్కినవాళ్ళలో నాలాంటివాళ్ళు చాలామంది వున్నారు. కొత్త ఫ్లైఓవర్‌కి మాల్ మైసమ్మ పేరు ప్రకటించారు. బస్తీ దేవత పేరు సిమెంటు వంతెనకి రావడం నాకు ఇష్టమే. నా బాధంతా అదే తూర్పు హైదరాబాద్‌లో కళ్ళెదుట వున్న పాత పేర్ల అర్థం మనం చెరిపేసుకోవడం గురించి. దిల్ పారశీకం, సుఖ్ సంస్కృతం. దిల్‌సుఖ్ రాంప్రసాద్ అనే ఆయన పొలాల్ని ప్లాట్లు చేసి అమ్మితే వచ్చిన పేరది. ఒక హిందువు పేరులోనే రెండు భాషలు అతుకు కనపడకుండా కలిశాయి. ఆ పేరున్న చోటే నా పేరు చెబితే ఇల్లు దొరకలేదు.

దానికి కూతవేటు దూరంలో మూసారాంబాగ్. మెట్రో స్టేషను బోర్డుమీద రోజూ చదివే ఆ పేరులోని మూసారాం ఎవరు? నిజాం అలీఖాన్ కొలువులో పనిచేసిన ఫ్రెంచి సైన్యాధికారి రేమాండ్. గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోయించినవాడు. 1798 మార్చిలో చనిపోయాడు. ముస్లింలు ఆయన్ని మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రామ్ అన్నారు. ఆస్మాన్‌గఢ్ గుట్టమీద ఆయన సమాధి, పక్కన నల్లరాతి స్తంభం. వర్ధంతికి అక్కడ ఉర్సు జరిగేది, రెండు మతాలవాళ్ళూ దీపాలు పెట్టేవాళ్ళు. కిరాయి సైనికుణ్ణి అంత గొప్పగా తలచుకోవాలా అంటే వాదించను. ఫిరంగులు పోసినవాడు పీరైపోవడం చరిత్రలో ఒక వింత. కానీ ఎవరి దేవుడి పేరు వాళ్ళు పెట్టుకుని, ఒకే రాతి ముందు నిలబడ్డారు. ఎవరూ పథకం పెట్టలేదు. 2001లో వానలకి అక్కడి మండపం కూలిపోయింది, తర్వాత ప్రభుత్వం మళ్ళీ కట్టింది. స్తంభాలు తిరిగి లేచాయి. ఉర్సుని మళ్ళీ కట్టడం ఇంజనీర్ల చేతిలో లేదు.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే కళాకారుడి గురించి చెప్పాలి. అనిల్ కుమార్ చౌహాన్. దుకాణాల బోర్డులు రాసే పెయింటర్. పాతబస్తీలో గిరాకీ ఉర్దూ బోర్డులకి వుండటంతో, మొదట అక్షరం తెలియకుండానే బొమ్మని చూసి బొమ్మ గీసినట్టు ఉర్దూ రాశాడు. రాస్తూ రాస్తూ నేర్చుకున్నాడు. తర్వాత మసీదుల గోడలమీద ఖురాన్ వాక్యాలు రాశాడు. వందకి పైగా మసీదుల్లో, చాలాచోట్ల డబ్బు తీసుకోకుండా. గుళ్ళలోనూ బొమ్మలు వేశాడు. అడ్డుపడింది ఎవరనుకున్నారు? మావాళ్ళే. హిందువు ఖురాన్ వాక్యం రాయొచ్చా అని కొందరు లేచారు. ఆయన పోట్లాడలేదు, జామియా నిజామియాకి వెళ్ళి అడిగాడు. రాయొచ్చని వాళ్ళు అనుమతిచ్చారు. ఆయన రాసిన యాసీన్ సూరా ఆ విద్యాలయంలోనే వేలాడుతోంది. మెజారిటీని నిలదీసే మేము ఇక్కడ మమ్మల్ని కూడా నిలదీసుకోవాలి. మా మొహల్లా గోడలమీద ఇప్పుడేం వుంది? నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు. మా ఆడపిల్ల చేతికి మేం కుంచె ఇచ్చామా? బొమ్మ హరామా హలాలా అన్న చర్చ దగ్గరే ఆగిపోయి, అందమైన ఖత్తు రాసే కాతిబుల్ని ఆకలికి వదిలేశాం. దర్జాగా తెహజీబ్ గురించి ముషాయిరాల్లో మాట్లాడుకుంటాం.

చౌహాన్‌కీ, చేతులు పట్టుకున్న ఆ బొమ్మకీ తేడా ఎక్కడుంది? బొమ్మ నాకు నన్ను గుర్తుగా చూపించింది, నెలవంకగా. చౌహాన్ నా అక్షరం నేర్చుకున్నాడు. అలిఫ్ ఎక్కడ నిటారుగా వుండాలో, నూన్ ఎక్కడ వంగాలో చేతికి తెలిసేదాకా కష్టపడ్డాడు. నన్ను ప్రేమించమని నేనెవర్నీ అడగడంలేదు. నా అక్షరం కష్టపడి నేర్చుకున్నవాడు నా పేరు విని భయపడడు. అంతవరకే. ఢిల్లీలో సహమత్ వాళ్ళు 1992లో చేసిన ఒక పని ఇందుకే నాకు ఇష్టం. మతసామరస్యం మీద నినాదాలు రాయమని మేధావుల్ని కాక ఆటోడ్రైవర్లని అడిగారు. నినాదం ఆటో వెనక తిరిగింది. మరుసటి ఏడాది అయోధ్య మీద అదే సంస్థ పెట్టిన ప్రదర్శన మీద ఫైజాబాద్‌లో దాడి జరిగింది. హాల్లో పెట్టినదాన్ని ధ్వంసం చెయ్యడం సులువు, వాడివాడి ఆటోమీద వాడే రాసుకున్నదాన్ని చెరపడం అంత సులువు కాదు. సెక్యులర్ మిత్రులకి ఇది చెప్పాలి. మీరు మాకోసం వేసే బొమ్మలకంటే, మాతో కూర్చుని వేసే బొమ్మ నాసిరకంగా వున్నా ఎక్కువకాలం నిలుస్తుంది. సినిమా హోర్డింగులు రాసిన చేతుల్లోంచే హుసేన్ వచ్చాడు. ఆయన్ని ఈ దేశం 2006లో పంపించేసింది, 2011లో లండన్‌లో చనిపోయాడు. ఆ సంగతి మర్చిపోయి గోడలమీద సామరస్యం వేసుకోవడం నాకు చేతకాదు.

ఎవరైనా నాకు దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు దగ్గర ఒక గోడ ఇస్తే దానిమీద చేతులూ వద్దు, గుర్తులూ వద్దు. 2013 ఫిబ్రవరి 21న చనిపోయిన 18 మంది పేర్లు రాయిస్తాను. పైన తెలుగులో, కింద ఉర్దూలో. అందరి పేర్లూ రెండు లిపుల్లో. తెలుగు అక్షరాలు మా మొహల్లా కుర్రాడెవడైనా రాయాలి, ఉర్దూ అక్షరాలు చౌహాన్ దగ్గర నేర్చుకున్న హిందూ కుర్రాడెవడైనా రాయాలి. తప్పులు పోతే సరిదిద్దడానికి పక్కన ఇంకొకడు కావాలి. ఎనామెల్ పెయింటయితే నాలుగు వానలకి ఆగుతుంది, ఆ తర్వాత మళ్ళీ రాయాలి. మళ్ళీ ఇద్దరూ రావాలి. ఆ సందులోని ఆ ఇంటావిడ కూరగాయలకి అటే పోతుందనుకుంటాను. ఆమె నిలబడి చదువుతుందో లేదో నాకు తెలీదు. చదివితే ఆ పేర్లలో నా పేరులాంటి పేర్లు కూడా కనపడతాయి.