ఓడిపోయేవాళ్ళకీ ఓ కుర్చీ

"ఆడపడుచు ఇంటికొస్తే ఆవకాయ జాడీ పట్టుకెళ్తుందనుకున్నాను గానీ, పిల్లాడి చేతిలో ఆట లాక్కుంటుందనుకోలేదు" అని మా వదిన నవ్వింది.

నవ్వదూ మరి! నలభై ఆరేళ్ళదాన్ని. బి.ఏ.లో చరిత్రా, తెలుగు సాహిత్యమూ చదువుకున్నదాన్ని. ఏవో నాలుగు నవలలు రాసి, పత్రికల్లో ఫొటో వేయించుకున్నదాన్ని. అలాంటి మనిషిని టీవీ ముందు చాపమీద చతికిలబడి, గులాబీరంగు లడ్డూలాంటి ఓ బొమ్మచేత కొండంత కోతిని తన్నిస్తుంటే ఎవరికి మాత్రం నవ్వు రాదు?

ఆ ఆట పేరు సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్. జపాన్‌లోని నింటెండో కంపెనీ 2018 డిసెంబరులో స్విచ్ అనే తన యంత్రం కోసం విడుదల చేసింది. 3 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. కొన్న అంతమందీ కొట్లాటల్లో ఆరితేరిన వీరులేనంటే నేను నమ్మను. నాలాంటివాళ్ళు అందులో బోలెడుమంది ఉండి ఉండాలి. కొట్లాట ఆట అంటే ఆమడ దూరం పారిపోయేవాళ్ళని ఇది ఎలా కూచోబెట్టింది? వేసవి సెలవలకి విశాఖపట్నంలో మా అన్నయ్యగారింటికి వెళ్ళిన పదిరోజులూ నన్ను పట్టుకున్న ప్రశ్న ఇదే. పుస్తకాన్ని సమీక్షించినట్టే ఆటనీ సమీక్షిస్తే తప్పేముంది?

ముందు నా పాత కక్ష ఒకటి చెప్పాలి.

2000వ సంవత్సరం ప్రాంతం. నేను డిగ్రీ ఆఖరి ఏడు. గంటకింత అని డబ్బు పుచ్చుకుని టీవీల ముందు కూచోబెట్టే వీడియో గేమ్ పార్లర్లు ఉండేవి అప్పుడు, గుర్తుందా? బతిమాలగా బతిమాలగా అన్నయ్య నన్నొక రోజు వెంట తీసుకెళ్ళాడు. అక్కడ ఆడపిల్లని నేనొక్కదాన్నే. ఆట టెక్కెన్ 3. నాలుగు మీటలు. రెండు చేతులకి రెండు, రెండు కాళ్ళకి రెండు. వినడానికి ఎంత సులువు! తీరా కూచుంటే ఒక్కొక్క యోధుడికీ పదులకొద్దీ దెబ్బల వరసలు. అన్నయ్య వాటిని ఎక్కాల్లాగా బట్టీ పట్టాడు. నేను లేచేలోపలే మళ్ళీ కింద పడేసేవాడు. తెరపైన నా ప్రాణం ఒక గీత. ఆ గీత హారతి కర్పూరంలా కరిగిపోతూ ఉంటే చూస్తూ కూచోడమే నా పని.

నా అవస్థ చూసి వెనకనించి ఎవరో కుర్రాడు జాలిపడ్డాడు. "ఎడ్డీ గోర్డోని తీసుకోండి. తన్నే మీటలు రెండూ టకటకా నొక్కుతూ ఉండండి, చాలు" అన్నాడు. ఎడ్డీ అనేవాడు బ్రెజిల్ దేశపు కపోయిరా విద్య వచ్చినవాడు. చేతులమీద నిలబడి కాళ్ళు గిరగిరా తిప్పుతూ, కొడుతున్నాడో నాట్యం చేస్తున్నాడో తెలీకుండా ఉంటాడు. నొక్కాను. కళ్ళు మూసుకుని నొక్కాను. గెలిచాను! పార్లరంతా గొల్లుమంది. అన్నయ్య మొహం చిన్నబుచ్చుకుని, "అది ఆడడం కాదే, మీటలు దంచడం" అన్నాడు.

బాధేమిటంటే అన్నయ్య అన్నది నిజం. నేనెందుకు గెలిచానో నాకే తెలీదు. తర్వాతి ఆటలో వాడు కాచుకోవడం మొదలెట్టాడు, నా నాట్యం అక్కడితో సరి. మళ్ళీ ఎందుకు ఓడానో కూడా నాకు తెలీదు! ఆ లేవడం లేవడం పాతికేళ్ళపాటు మళ్ళీ ఏ ఆట ముందూ కూచోలేదు.

టెక్కెన్ మంచి ఆటే. ఏమీ రానివాళ్ళ చేతిలో కూడా అంత అందంగా కదలడం దాని గొప్పదనమే. కొత్తవాళ్ళు మోజుపడేదీ అందుకే. కానీ ఆ మోజు చుట్టరికంవాళ్ళ పెళ్ళి భోజనంలాంటిది. ఆ పూటకి కడుపు నిండుతుంది, ఇంటికొచ్చాక వంట మాత్రం రాదు.

ఇక స్మాష్ బ్రదర్స్ కథ. దీన్ని తయారుచేసిన మసాహిరో సకురాయ్ తన అనుభవం ఒకటి చెప్పుకున్నాడు. ఓసారి ఆటల పార్లర్లో కింగ్ ఆఫ్ ఫైటర్స్ 95 ఆడుతూ ఎదుటి మిషన్ మీద ఉన్నవాళ్ళని చిత్తుగా ఓడించాడట. ఎవరా అని చూస్తే, సరదాకి వచ్చి కూచున్న ఓ జంట! ఆటకి బొత్తిగా కొత్తవాళ్ళు. గెలిచిన ఆనందం పోయి, మనసు చివుక్కుమంది.

ఈ సంగతి తెలిసినప్పుడు నేను చాలాసేపు ఆ జంట గురించే ఆలోచించాను. వాళ్ళిద్దరూ మళ్ళీ ఎప్పుడైనా ఆడారో లేదో! గెలిచినవాడు ఓడినవాళ్ళ మొహం వంక చూడడం లోకంలో అరుదు. చూసి ఊరుకోకుండా వాళ్ళ కోసం ఇంకో ఆట కట్టడం మరీ అరుదు.

అప్పట్లో సకురాయ్ హాల్ లాబొరేటరీ అనే సంస్థలో పనిచేసేవాడు. దానికి అధ్యక్షుడు సతోరు ఇవాటా, తర్వాత రోజుల్లో నింటెండోకే అధ్యక్షుడైనవాడు. నలుగురు కలిసి ఆడుకునే కొట్లాట ఆటకి సకురాయ్ ఊహ అందిస్తే, శని ఆదివారాలు కూచుని దాని ప్రోగ్రాం రాసింది స్వయంగా ఆ అధ్యక్షుడే. అదే 1999 జనవరిలో జపాన్‌లో నింటెండో 64 మీద మొదటి స్మాష్ బ్రదర్స్‌గా వచ్చింది. అప్పుడు యోధులు 12 మంది. అల్టిమేట్‌కి వచ్చేసరికి 80 దాటారు.

అన్నయ్య కొడుకు, పద్నాలుగేళ్ళవాడు, నా చేతిలో ఆ మీటల పరికరం పెట్టి, "అత్తా, ఇక్కడ ప్రాణం గీత ఉండదు" అన్నాడు. అసలు కిటుకంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

ప్రాణం తరిగిపోయే గీతకి బదులు ఇక్కడ పెరిగే అంకె ఉంటుంది. సున్నా శాతంతో మొదలు. దెబ్బ తిన్నకొద్దీ అంకె పెరుగుతుంది, తెల్లగా ఉన్నది ఎర్రబడుతుంది. అంకె పెరిగినకొద్దీ తర్వాతి దెబ్బకి మనం ఎగిరిపడే దూరం పెరుగుతుంది. అంతే! వేదిక దాటి తెర అవతలికి ఎగిరిపోతేనే ప్రాణం పోయినట్టు. నూటయాభై శాతం దెబ్బలు తిన్నా, వేదికమీద నిలబడి ఉన్నంతసేపూ మనం బతికున్నట్టే లెక్క.

చిన్న మార్పే గానీ మనసుమీద దీని పని చూడండి. గీత కరుగుతుంటే మనిషికి తన చావు ముందే కనిపిస్తుంది. చేతులు పడిపోతాయి. అంకె పెరుగుతుంటే భయమూ వేస్తుంది, పంతమూ వస్తుంది. పైగా ఎగిరిపడినా కథ అయిపోదు. గాల్లో ఇంకో గెంతు గెంతవచ్చు, పైకి ఎగబాకే విద్య వాడవచ్చు, అంచు పట్టుకుని వేలాడవచ్చు. పడిపోతూ పడిపోతూ వెనక్కి వచ్చే ఆ క్షణం ఉంది చూశారూ, అందులో ఉన్న ఆనందం గెలుపులో కూడా లేదు! కొత్తవాళ్ళకి ఈ ఆట ఇచ్చే మొట్టమొదటి విజయం ఎవర్నో కొట్టడం కాదు, తాము తిరిగి రావడం.

ఇక మీటల సంగతి. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2లో చేతిలోంచి నిప్పుబంతి వదలాలంటే కిందికి, ఏటవాలుగా, ముందుకి అని పుల్లని తిప్పి, సరిగ్గా ఆ క్షణానికి గుద్దే మీట నొక్కాలి. అదొక మంత్రం. స్వరం తప్పితే ఫలించదు. స్మాష్‌లో కొట్టడానికొక మీట, ప్రత్యేక విద్యకొక మీట, ఏ దిక్కుకి తోస్తే ఆ దిక్కు దెబ్బ. యోధులందరికీ ఇదే పద్ధతి. ఒకరితో నేర్చుకున్నది ఇంకొకరితో పనికొస్తుంది. ఆఖరికి ఆ స్ట్రీట్ ఫైటర్ ఘరానా కూడా 2023లో వచ్చిన 6వ భాగంలో ఒక్క మీటతో విద్యలు ప్రయోగించే పద్ధతి పెట్టింది.

యోధుల ఎంపిక సంగతి కథలు రాసేదాన్ని గనక నాకు ఇంకా నచ్చింది. మొదట కట్టిన నమూనాలో ముక్కూ మొహం తెలీని బొమ్మలుండేవి. వాటి స్థానంలో సకురాయ్ నింటెండో పాత ఆటల్లోని మారియోనీ, లింక్‌నీ, పికాచూనీ తెచ్చాడు. వీధినాటకంలో గద పట్టుకుని ఒకడొచ్చాడంటే భీముడని చంటిపిల్లకైనా తెలుస్తుంది, పరిచయ వాక్యాలక్కర్లేదు. ఇదీ అంతే. మీసాల మారియోని నేను తొంభైల్లో టీవీకి తగిలించే క్యాసెట్ల ఆటలోనే చూశాను. పాతికేళ్ళ తర్వాత కనిపిస్తే, "నువ్వా!" అనిపించింది. తెలిసినవాడు ఒకడున్నాడంటే కొత్త ఇంట్లో కూడా కాస్త ధైర్యంగా కూచుంటాం గదా.

లోపాలు లేవా? లేకేం! నలుగురూ కలియబడి, పైనించి బాంబులూ బ్యాట్లూ రాలుతుంటే ఆ గలాటాలో నా బొమ్మ ఏదో నాకే తెలీదు. వేరేవాడి బొమ్మని నాదనుకుని పావు నిమిషం మురిసిపోయిన సందర్భాలున్నాయి. 80 మందికి పైగా యోధులు సంపదే గానీ, మొదట 8 మందినే ఇచ్చి మిగిలినవాళ్ళని ఒక్కొక్కరినీ విడిపించుకోమనడం, వారానికోసారి ఆడేవాళ్ళకి విసుగే.

అంతకన్నా పెద్ద తప్పు 2008లో జరిగింది. 2001లో వచ్చిన మెలీ అనే రెండో భాగాన్ని ఆరితేరినవాళ్ళు సొంతం చేసుకున్నారు. దాన్ని అంత వేగమైన, అంత కఠినమైన విద్యగా మార్చారు. అందుకు విరుగుడు అన్నట్టు మూడో భాగమైన బ్రాల్‌లో ఒక వింత పెట్టారు. పరిగెత్తబోయిన మనిషి అప్పుడప్పుడూ, ఏ కారణమూ లేకుండా, కాలు జారి పడతాడు! నేర్పరులు మండిపడ్డారు. నన్నడిగితే కొత్తవాళ్ళు కూడా మండిపడాల్సిందే. పక్కవాణ్ణి కుంటివాణ్ణి చేస్తే నాకు నడక వస్తుందా? 2014లో వచ్చిన తర్వాతి భాగంలో ఆ జారుడు తీసేశారు, మంచిపని చేశారు. రానివాళ్ళకి కావలసింది దొంగ గెలుపు కాదు. తామేం చేస్తే ఏమైందో తెలియడం. ఎడ్డీ గోర్డో నాకివ్వనిదీ, ఈ లడ్డూబొమ్మ ఇచ్చిందీ అదే.

లడ్డూబొమ్మ పేరు కర్బీ. 1992లో సకురాయ్ మొదటగా తయారుచేసింది కూడా దీన్నే, అదీ ఆటలకి కొత్తయినవాళ్ళ కోసమే. బుగ్గలు పూరించి గాల్లో మళ్ళీ మళ్ళీ గెంతగలదు. కింద పడడం దానికి అంత సులువు కాదు. ఆ బొమ్మని మా అమ్మకిచ్చాం.

మా అమ్మకి డెబ్భై రెండు. "నాకు రాదు" అన్నది ఆవిడ ఊతపదం. సైకిలు రాదు, పేకాట రాదు, ఫోనులో డబ్బు పంపడం రాదు. వినయం కాబోలు అనుకునేదాన్ని. కాదు. చేసి నవ్వులపాలవడం కన్నా రాదని చెప్పి తప్పుకోవడం మేలని ఎప్పుడో నేర్చుకుంది. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. నా మూడో నవల చదివి, "మధ్యలో ఎవరెవరో తెలీలేదే" అంది. "నీకర్థం కాదులే అమ్మా" అన్నాను. మీటలు దంచుతున్నావన్న అన్నయ్య మాటని పాతికేళ్ళు మోశాను గానీ, నేనన్న మాట అటువంటిదేనని ఆ రోజు చాపమీద కూచున్నాకగాని తోచలేదు. లోతుగా రాశానని మురిసిపోయాను. లోపలికి రావడానికి ఒక మెట్టయినా కట్టానా? ఈ ఆటలో లోతు లేదని ఎవరూ అనలేరు, ఏళ్ళతరబడి సాధన చేసేవాళ్ళున్నారు. అయినా గుమ్మం దగ్గర మాత్రం మెట్టుంది.

అమ్మ మొదటి ఆటలో తనంతట తనే వేదిక మీదనించి నడిచి కింద పడింది. "పడ్డది నేనేనా?" అంది. రెండో ఆటలోనూ పడింది. మూడోదాంట్లో పడుతూ ఉండగా మనవడు "నానమ్మా, గెంతు, గెంతు!" అని అరిచాడు. గెంతింది. ఇంకోసారి గెంతింది. బుగ్గలు పూరించుకుని ఆ లడ్డూ తేలుకుంటూ తేలుకుంటూ వచ్చి అంచు పట్టుకుంది. వదిన వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి నిలబడింది. ఎవరూ నవ్వలేదు.

ఇంతకీ గెలిచిందా అంటారా? లేదండీ. నాలుగోస్థానం, నలుగురిలోనే! ఊరికి బయల్దేరేముందు, "ఆ పిల్లాణ్ణడిగి ఇంకో ఆట పెట్టించవే, నీ బస్సుకి ఇంకా గంటుంది" అంది. కూచున్నాం. నా మూడో నవల కూడా మళ్ళీ తీసి చూస్తున్నాను, మెట్టు ఎక్కడ కట్టాలా అని.