గూడ అంజయ్య పాటల శబ్దసంపుటి: మూలముద్రణ సమస్య

ఉపోద్ఘాతం:
ఒక రచయిత-గాయకుని జీవితకాల కృషిని, రీమాస్టర్ చేసిన ఆల్బమ్‌లుగా ఒకే పెట్టెలో అందించడం రాక్ సంగీతంలో స్థిరపడిన సంప్రదాయం. 2013లో వెలువడిన బాబ్ డిలన్ సంపుటిలో 35 స్టూడియో ఆల్బమ్‌లు, 6 ప్రత్యక్ష ప్రదర్శనల ఆల్బమ్‌లు ఉన్నాయి. రాసినవారు, పాడినవారు ఒక్కరే కావడం, మూలముద్రణలు సంస్థ అధీనంలో ఉండడం ఇటువంటి సంపుటికి ఆధారాలు. ఉత్తర తెలంగాణ ఉద్యమగేయానికి ఈ నమూనా ఎంతవరకు వర్తిస్తుందో గూడ అంజయ్య (1955-2016) రచనల ద్వారా పరిశీలించవచ్చు.

ఒక రచన - పలు గొంతులు:
అంజయ్య జన్మస్థలం దండేపల్లి మండలంలోని లింగాపురం. అది నాటి ఆదిలాబాద్, నేటి మంచిర్యాల జిల్లాలోనిది. 1978 నాటి జగిత్యాల జైత్రయాత్ర, 1981 నాటి ఇంద్రవెల్లి కాల్పులు ఈ ప్రాంత ఉద్యమసాహిత్యానికి నేపథ్యం. ఇక్కడ పాట సభల్లో పెరిగింది. 'ఊరు మనదిరా' అనేక దళాల, గాయకుల గొంతుల్లో వ్యాపించింది. 'భద్రం కొడుకో' అంజయ్య రచన, బి. నర్సింగరావు చిత్రం 'రంగులకల' (1983)లో దానిని పాడినవారు గద్దర్. పట్నం పోయే కొడుకుకు తల్లి చెప్పే జాగ్రత్తలను శ్రోత ఆ గొంతుతోనే గుర్తుంచుకుంటాడు. గాయకుని పేరిట కూర్చే సంపుటిలో రచయిత మరుగున పడతాడు. రచయిత పేరిట కూర్చితే అందులో వినిపించేవి పరాయి గొంతులు. ఏ ఆల్బమ్‌నూ మూలంగా నిలపలేని స్థితి ఇది.

శుద్ధి - పరిమితి:
రీమాస్టరింగ్‌లో టేపు బుసను తగ్గించడం, వేగదోషం వల్ల మారిన శ్రుతిని సరిచేయడం అవసరమైన పనులు. కాని బహిరంగసభ ముద్రణలో డప్పు, వంత, జనం అందుకొని పాడే పల్లవి పాటలో భాగాలు. గాయకుని గొంతును ముందుకు తెచ్చే ప్రయత్నంలో వాటిని అణచివేస్తే సామూహికగేయం ఏకగళగీతంగా మారుతుంది. ధ్వని మెరుగుపడినా ప్రక్రియాస్వభావం దెబ్బతింటుంది.

ముగింపు:
డిలన్ కృషిలోనే దీనికి మరొక నమూనా ఉంది. 1991 నుంచి వెలువడుతున్న 'బూట్‌లెగ్ సిరీస్' విడుదల కాని ముద్రణలకు, పాఠాంతరాలకు చోటిచ్చింది. అక్కడి పాఠాంతరాలు ప్రధానంగా ఒకే గాయకునివి. అంజయ్య పాటలకు పలువురివి చేర్చాలి. అందువల్ల ఆల్బమ్‌కు బదులు పాటనే ప్రమాణంగా తీసుకొని, రచయిత, గాయకుడు, సందర్భం, కాలం నమోదు చేస్తూ భిన్నముద్రణలను పక్కపక్కనే ఉంచడం సముచితం. అప్పుడే పాట ప్రజలదిగా ఉంటూనే దాని రచయిత పేరు నిలుస్తుంది.