పొడి చెప్పే నిజం

చిటికెన వేలంత లోహపు గొట్టంలో కొన్ని గ్రాముల పొడి పోసి, గాలి ఖాళీలు మిగలకుండా తట్టి తట్టి నింపి, న్యూట్రాన్ పుంజానికి ఎదురుగా నిలబెడతారు. ఆ గొట్టం వెనేడియంది. ఆ లోహం న్యూట్రాన్లను దాదాపు అన్ని వైపులకూ ఒకే తీరుగా చెదరగొడుతుంది కాబట్టి చెదిరిన న్యూట్రాన్ల లెక్కతో గీసిన గ్రాఫులో లేచే శిఖరాలు గొట్టానివి కావు, పొడివే.

పొడిలో ఏ పరమాణువు ఎక్కడుందో చెప్పడానికి ఎక్స్-కిరణాలు ఉండగా ఇంత శ్రమ ఎందుకు? ఎక్స్-కిరణాలను చెదరగొట్టేవి ఎలక్ట్రాన్లు. ఒకే ఎలక్ట్రాన్ ఉన్న హైడ్రోజన్, మూడే ఉన్న లిథియం బరువైన లోహాల పక్కన వాటికి ఆనవు. ఆవేశం లేని న్యూట్రాన్ నేరుగా కేంద్రకాన్ని తాకుతుంది. అక్కడ పరమాణువు బరువును బట్టి పెద్దపీట ఉండదు. పైగా న్యూట్రాన్ తానే ఓ చిన్న అయస్కాంతం. అందుకే పరమాణువుల అయస్కాంత దిశలనూ పసిగడుతుంది.

రియాక్టర్ నుంచి న్యూట్రాన్లు రకరకాల వేగాలతో, అంటే రకరకాల తరంగదైర్ఘ్యాలతో వస్తాయి. ముందుగా ఒక పెద్ద స్ఫటికం వాటిలో ఒకే తరంగదైర్ఘ్యం ఉన్నవాటిని ఏరి పంపుతుంది. పొడిలోని లెక్కలేనన్ని రేణువులు తలో దిక్కుకూ తిరిగి ఉంటాయి. ఏ కోణానికైనా సరిగ్గా అమరిన రేణువులు కొన్ని ఉండనే ఉంటాయి. ఏ కోణంలో ఎన్ని న్యూట్రాన్లు వచ్చాయో డిటెక్టర్లు లెక్కపెడతాయి. హైడ్రోజన్ ఉన్న పదార్థమైతే గ్రాఫంతా రొదతో నిండిపోతుంది. అందుకే దాని చోట దాని బరువైన రూపం డ్యుటీరియం వాడతారు.

1946లో అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో ఎర్నెస్ట్ వొలన్, క్లిఫర్డ్ షల్ ఈ పనికి పూనుకున్నారు. 1949లో భారజలపు మంచు పొడిలో హైడ్రోజన్ల చోటు తేల్చారు. అదే ఏడాది షల్, మరో పరిశోధకుడు స్మార్ట్ మాంగనీస్ ఆక్సైడును 80 కెల్విన్లకు చల్లబరిస్తే, గది ఉష్ణోగ్రతలో లేని కొత్త శిఖరాలు లేచాయి. పరమాణు అయస్కాంతాలు ఎదురెదురు దిశల్లో బారులు తీరాయని అవి చాటాయి. షల్‌కు 1994లో నోబెల్ వచ్చింది. అప్పటికి వొలన్ లేరు.

పొడితో ఒక చిక్కుంది: శిఖరాలు ఒకదానిమీద ఒకటి పడి కలిసిపోతాయి. నెదర్లాండ్స్‌లోని పెటెన్‌లో పనిచేసిన హ్యూగో రీట్‌వెల్డ్ వాటిని విడదీయాలని పట్టుబట్టలేదు. స్ఫటిక నమూనా ఒకటి ఊహించి, దాని నుంచి మొత్తం గ్రాఫును లెక్కగట్టి, కొలిచిన ప్రతి బిందువుతోనూ సరిపోల్చి, తేడా తగ్గేదాకా నమూనాను సవరించమన్నారు. 1969 నాటి ఆ పద్ధతే నేటికీ ఆధారం. ముంబయిలోని ట్రాంబేలో 1985లో మొదలైన 100 మెగావాట్ల ధ్రువ రియాక్టర్ దగ్గరా ఇలాంటి కొలతలే సాగుతున్నాయి.

రీట్‌వెల్డ్ పద్ధతిలో సరిపోల్చిన గ్రాఫు అడుగున ఒక గీత ఉంటుంది. కొలిచినదానికీ లెక్కగట్టినదానికీ మధ్య తేడా అది. ఎక్కడో చిన్న గతుకు కనబడితే పరిశోధకుడు మళ్లీ మొదటికొస్తాడు: ఒక లిథియం చోటు మారిందేమో, ఒక ఆక్సిజన్ లోపించిందేమో! చిన్నదని దేన్నీ వదిలేయకపోవడమే ఈ విద్య విలువ. ఆ గీత చదునుగా పరుచుకున్నాకే లిథియం ఫలానా చోట ఉందని ధైర్యంగా రాస్తారు.