వస్తువు యజమానిది, రూపం ఎవరిది?

ఒక రచన అచ్చులో లేకపోవడం వేరు, చదవడానికే వీలు లేకపోవడం వేరు. అచ్చులో లేని పుస్తకం ఏ గ్రంథాలయంలోనో ఒక్క ప్రతి దొరికినా చాలు, చదువు వచ్చినవాళ్లెవరైనా చదువుకోగలరు. కంప్యూటరు ఆటకు ఆ భాగ్యం లేదు. ఏ యంత్రం కోసం పుట్టిందో ఆ యంత్రంతో పాటే అది మూగబోతుంది. 1992లో అమెరికాలోని ఆరిజిన్ సంస్థ విడుదల చేసిన ‘అల్టిమా 7: ద బ్లాక్ గేట్’ అలా మూగబోయిన ఆట. దాన్ని మళ్లీ పలికించిన ‘ఎక్సల్ట్’ అనే ఓపెన్ సోర్స్ ఇంజను సాంకేతిక నిపుణుల వ్యవహారం మాత్రమే కాదు. వస్తువుకూ రూపానికీ ఉన్న సంబంధం గురించి మనం ఎన్నాళ్లుగానో చేస్తున్న చర్చకు అది కొత్త సాక్ష్యం.

ఆటల గురించి సాహిత్య విమర్శ ఎందుకని అడిగేవారు ముందు దీని వస్తువును చూడాలి. ఆటగాడే కథానాయకుడి పాత్ర ధరించి నడిపించే కథ ఇది. బ్రిటానియా అనే కల్పిత రాజ్యంలో ‘ఫెలోషిప్’ అనే సంస్థ ఐకమత్యాన్నీ, సోదరుల మీద నమ్మకాన్నీ, అర్హత ఉంటేనే ఫలం అనే నీతినీ బోధిస్తూ ఊరూరా వ్యాపిస్తుంది. పాస్ అనే పేద ఊళ్లో నిరుపేదలకు ఆశ్రమం కూడా నడుపుతుంది. అక్కడ ఒక దొంగతనం జరుగుతుంది. నింద సంస్థలో చేరని పేద రైతు స్త్రీ కొడుకు మీద పడుతుంది. అసలు దొంగ ఆశ్రమం నడిపే దంపతుల కొడుకే. పేదవాడి పేదరికానికి అతని అర్హతలేమే కారణమని చెప్పే ధర్మసంస్థ స్వభావాన్ని ఇంత సూటిగా పట్టుకున్న వినోద రచనలు తక్కువ. వెస్పర్ పట్టణంలో గార్గాయిల్ జాతి మీద మనుషులు చూపే ద్వేషాన్ని కూడా ఇది దాచలేదు.

అంతమాత్రాన ఇది సంపూర్ణమైన రచన అనుకోనక్కర్లేదు. ఇందులోని రాజు పేరు లార్డ్ బ్రిటిష్. అది సృష్టికర్త రిచర్డ్ గారియట్ మారుపేరే. రాచరికాన్ని ఆట ప్రశ్నించదు. విముక్తి పాస్ ప్రజల చేతుల్లో కాక, వేరే లోకం నుంచి దిగివచ్చిన వీరుడి చేతుల్లో ఉంటుంది.

అయినా ఈ ఆట గొప్పతనం కథలోకన్నా రూపంలో ఎక్కువగా ఉంది. ఇక్కడి జనం వీరుడి కోసం నిలబడి ఎదురుచూసే బొమ్మలు కారు. పొద్దున లేస్తారు, పనికి పోతారు, వేళకు తింటారు, రాత్రికి నిద్రపోతారు. పిండిలో నీళ్లు కలిపి, పొయ్యిలో పెట్టి రొట్టె కాల్చవచ్చు. దాన్ని రొట్టెల దుకాణదారుకు ఇచ్చి కూలి పుచ్చుకోవచ్చు. శ్రమ ఇక్కడ వర్ణన కాదు, ఆటగాడి చేత చేయించే పని.

ఈ రూపం ఎక్కడ ఉంటుంది? బొమ్మలు, మాటలు, పటాలు ఒక మూట. దాన్ని డేటా అంటారు. ఆ మూటను విప్పి, ఎవరు ఎప్పుడు లేవాలో, ఏ వస్తువును ముడితే ఏం జరగాలో నడిపించేది ఇంజను. తోలుబొమ్మల పెట్టె డేటా అయితే, ఆడించే చెయ్యి ఇంజను. ఆరిజిన్ ఈ ఆట కోసం ‘వూడూ’ అనే సొంత జ్ఞాపక నిర్వహణ పద్ధతిని వాడింది. ఆనాటి డాస్ యంత్రాల మీదే అది తంటాలు పెట్టేది. తర్వాత వచ్చిన విండోస్‌తో అసలే పొసగలేదు. ఆరిజిన్‌ను 1992లోనే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కొనేసింది. 2004లో మూసేసింది. పెట్టె యజమాని దగ్గరే ఉంది, ఆడించే చెయ్యి మాత్రం పడిపోయింది.

1990ల చివర ఆ చేతిని తిరిగి తయారుచెయ్యడానికి పూనుకున్నవారు జీతం లేని అభిమానులు. అసలు ఇంజను మూలపాఠం వారి దగ్గర లేదు. డేటాను విప్పి, ఆట ప్రవర్తనను పరిశీలించి, దాని వెనుక ఉన్న సూత్రాలను ఊహించి, పరీక్షించి, కొత్తగా రాశారు. ఇది నకలు తియ్యడం కాదు. ఒక రచన రూపాన్ని అర్థం చేసుకోకుండా దాన్ని తిరిగి నిర్మించడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ అర్థంలో ఇది ఆచరణలోకి వచ్చిన విమర్శ. జీపీఎల్ లైసెన్సు కింద ఆ ఇంజనును ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అదే స్వేచ్ఛతో పంచుకోవచ్చు. 2002 నాటి ‘మారోవిండ్’ కోసం 2008లో మొదలైన ‘ఓపెన్‌ఎండబ్ల్యూ’ కూడా ఈ దారినే నడిచింది.

ఇక్కడ రెండు విషయాలు మరవకూడదు. మొదటిది, పునర్నిర్మాణం విధేయంగా ఉండాలా, సుఖంగా ఉండాలా అన్నది. మూలంలో తోటివాళ్లు ఆకలని గోల పెడుతుంటారు, ఒక్కొక్కరికీ మనమే తిండి పెట్టాలి. ఎక్సల్ట్‌లో ఒక మీట నొక్కితే ఆ పని అయిపోతుంది. విసుగు తగ్గిన మాట నిజమే. కానీ రొట్టె కాల్చడానికి విలువ ఇచ్చిన ఆటలో ఆకలిని చిరాకుగా మాత్రమే లెక్కించడం రూపం మీద చెయ్యి చేసుకోవడమే. పాత పద్ధతినీ ఉంచారు కనుక ఈ తప్పు క్షమించదగినదే.

రెండవది, స్వచ్ఛంద శ్రమను చూసి మురిసిపోవడం. ఈ ఇంజన్లు ఆడాలంటే డేటా కొనితీరాలి. డేటా మీద హక్కు కంపెనీదే. అంటే అభిమానుల ఉచిత శ్రమ పాత సరుకుకు కొత్త గిరాకీ తెస్తుంది, ఆ రాబడి హక్కుదారుకు చేరుతుంది. దీన్ని త్యాగమని పొగిడి ఊరుకుంటే అసలు సంబంధాన్ని కప్పిపుచ్చినట్లే.

అయినా ఈ శ్రమ వృథా కాలేదు. దానివల్ల పుట్టిన జ్ఞానం, మూసి ఉన్న ఫైళ్లను చదివే పద్ధతి, ఇప్పుడు అందరి సొత్తు. దాన్ని మళ్లీ ఎవరూ కొని మూసెయ్యలేరు. చట్టం వస్తువును యజమాని పేర రాసింది గాని, రూపం ప్రాణం దాన్ని నేర్చుకున్నవాళ్ల దగ్గరే మిగిలిందని ఎక్సల్ట్ రుజువు చేసింది. రచన మీద హక్కు కోరేవారు దాన్ని బతికించే బాధ్యత కూడా తీసుకోవాలి. తీసుకోనప్పుడు ఆ హక్కు పెట్టెకు వేసిన తాళం మాత్రమే అవుతుంది.