జడ వేసింది నేనేగా

పోయిన ఆదివారం పూజ అయ్యాక సెయింట్ ఆన్స్ గుడి గేటు దగ్గర ఓ కుర్రాడు నన్ను ఆపాడు. మా యానాంలో మందు చవక కదా. ఎవరో పెట్టెలు నింపి ఇస్తే రాత్రిపూట ఆటోలో సరిహద్దు దాటించి వస్తున్నాడట. "నేను బండి తోలానంతే బాబాయ్, సరుకు నాది కాదు. ఇది కూడా పాపసంకీర్తనంలో చెప్పాలా?" అన్నాడు.

నేనెప్పుడూ అనే మాట ఒకటుంది: ఎవరి పాపం వాళ్లదే. తండ్రి దోషం కొడుక్కి అంటదని యెహెజ్కేలు 18వ అధ్యాయం ఏనాడో తేల్చేసింది. పూజలో లోకాన్నీ కాలాన్నీ తిట్టకుండా 'నేను' అని రొమ్ము కొట్టుకునే ఘట్టం అంటే నాకు ప్రాణం. ఆ లెక్కనే, "సరుకుగలవాడి పాపం నీకెందుకు? నీ సంగతి నువ్వు చూసుకో" అని పంపేశాను.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే అమ్మమ్మ గుర్తొచ్చింది.

1930 ఏప్రిల్‌లో శారదా చట్టం అమల్లోకి వచ్చి, బ్రిటిష్ ఇండియాలో 14 ఏళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చేయడం నేరమైంది. యానాం అప్పట్లో ఫ్రెంచివాళ్లది, ఆ చట్టం ఇక్కడ చెల్లేది కాదు. చుట్టుపక్కల ఊళ్ల పెళ్లివారంతా ఇక్కడికొచ్చి పందిళ్లు వేశారు. ఊరికి కల్యాణపురం అని పేరే పడిపోయింది. అమ్మమ్మ పూలజడలు వేసేది. ఓ రాత్రి ఏడేళ్ల పెళ్లికూతురు కూర్చున్నచోటే నిద్రపోయింది. తల వాలిపోతుంటే అమ్మమ్మ మోకాళ్ల మధ్య ఆనించుకుని, మొగలిరేకులు కుట్టి జడ పూర్తి చేసింది. జడగంటలు కడుతున్నా పిల్లకి మెలకువ రాలేదు.

ముసలితనంలో ఏటా తపస్సుకాలంలో ఫాదర్ దగ్గర ఆ జడ సంగతే చెప్పుకునేదట. "పెళ్లి చేసింది వాళ్ల అమ్మానాన్నలు. చట్టమూ అడ్డుచెప్పలేదు. నీ పాపం ఎలా అవుతుంది అమ్మమ్మా?" అన్నాను, కాలేజీలో చదివే రోజుల్లో. "జడ వేసింది నేనేగా," అంది. చాదస్తం అనుకున్నాను.

ఒకరి పాపానికి తెలిసి, ఇష్టపడి సాయం చేస్తే అందులో మనకూ బాధ్యత ఉందని కథోలిక సత్యోపదేశం 1868వ పేరా చెబుతుంది. అది ఎన్నోసార్లు చదివాను, అమ్మమ్మ మాత్రం మనసులో మెదల్లేదు. ఆవిడ పెళ్లివారి పాపం మోయలేదు, తన చేతులు చేసిన పని చెప్పుకుంది. ఎవరి పాపం వాళ్లదే అన్న మాటకు అసలు అర్థం ఆవిడకే తెలుసు. నేను దాన్ని తప్పించుకునే దారిగా మార్చి ఆ కుర్రాడికి చూపించాను.

బాబూ, ఇది నీ కంటపడితే విను. నేను చెప్పింది తప్పు. బండి తోలింది నువ్వేగా. శనివారం సాయంత్రం ఫాదర్ దగ్గరికి రా. నిన్ను అలా పంపేసినందుకు నేనూ వరసలో ఉంటాను.