పాత ల్యాప్‌టాపుల గుణదోషవిచారము

క్రొత్త వస్తువు అంగడికి వచ్చినంతనే పాతదాని వెల తగ్గుట లోకసామాన్యము. ఈ నియమమునకు అపవాదములు లేకపోలేదు. వీణ పాతబడినకొలది నాదము పక్వమగు నందురు. పాత బియ్యము వంటకు మేలని గృహిణులు కోరి కొందురు. కాని నిన్నటి కంప్యూటరును నేటిదానికంటె మిన్నగా మెచ్చుట వింతగానే తోచును. అయినను 2011 వ సంవత్సరమున పుట్టిన ల్యాప్‌టాపులు కొన్ని నేటికిని కోరి కొనబడుచున్నవి. క్రొత్తదానిని కొనగల శక్తి యుండియు పాతదానినే వెదకి తెప్పించుకొనువారు కలరు. లేమిచే పాతది కొనుట వేఱు, కలిమి యుండియు పాతది కోరుట వేఱు. ఈ రెండవ కోరికకు కారణమేమి? ఇది వట్టి మోజా, లేక ఆ వస్తువునందు నిజమైన గుణ మేదైన కలదా? దీనిని విచారించుట యంత్రప్రియులకు మాత్రమే పనికివచ్చు వినోదమని తలపరాదు. ఒక కుటుంబము బిడ్డ చదువునకై పెట్టు ఖర్చులో ల్యాప్‌టాపు పెద్దపద్దు. ఆ సొమ్మునకు దక్కునది ఎట్టి వస్తువను ప్రశ్న మనకందఱకును సంబంధించినదే.

విచారణ సుకరమగుటకై ఒక్క వంశమును మాత్రము తీసికొందము. అది థింక్‌ప్యాడు వంశము. ఐ.బి.యం. సంస్థ 1992 అక్టోబరులో 700సి యను యంత్రముతో దీనిని ప్రారంభించెను. జర్మనీదేశీయుడైన రిచర్డ్ సాపర్ దీనికి రూపకల్పన చేసెను; జపానులోని యామాటో ప్రయోగశాలవారు యంత్రభాగములను తీర్చిరి. జపానువారి భోజనపుపెట్టె దీనికి ఒరవడి యని ప్రసిద్ధి. వెలుపల నిరాడంబరమైన నల్లని పెట్టె, తెఱచినచో లోన పొందికగా అమర్చిన సామగ్రి. మీటలనడుమ ఎఱ్ఱనిబొడిపె యొకటి కలదు. టెడ్ సెల్కర్ కనిపెట్టిన ఈ బొడిపెను వ్రేలితో నదిమినచో, చేతులు మీటలపైనుండి కదలకయే తెరమీది బాణపుగుర్తు కదలును. 2005 లో ఈ వ్యాపారమును లెనోవో సంస్థ కొనెను. వంశము చేతులు మాఱినను నలుపురంగు, ఎఱ్ఱబొడిపె నిలిచినవి. మాఱినవి వేఱు కొన్ని కలవు. మన విచారణకు అవియే ముఖ్యములు.

మొదట కీబోర్డు సంగతి చూతము. 2011 లో వెలువడిన టి420, ఎక్స్220 యంత్రములలో మీటలు ఏడు వరుసలుగా నుండెను. మఱుసటి సంవత్సరము వచ్చిన టి430, ఎక్స్230 లలో ఆ వరుసలు ఆరయ్యెను. మీటలును విడివిడి పలకలవంటివి యయ్యెను. న్యాయముగా చెప్పవలెనన్న, ఆ క్రొత్త మీటలు నొక్కుటకు చెడ్డవి కావు. లోపమెల్ల వరుస తొలగించుటవలన కలిగినది. పంక్తి మొదటికి, చివరకు, ముందుపుటకు, వెనుకపుటకు పోవుటకై ఒక్కచోట గుంపుగానున్న మీటలు చెల్లాచెదరయ్యెను. చూడకయే వానిని తడవి కనుగొను వ్రేళ్లు దారితప్పెను. వ్రాయువానికి కీబోర్డు కలమువంటిది. మన భాష వ్రాయువారికి దీని ప్రాముఖ్యము మఱింత ఎక్కువ. మూడక్షరముల ‘సంస్కృతి’ యను మాటను ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో వ్రాయుటకు ఎనిమిదిమార్లు మీటలు నొక్కవలెను. ఒత్తులు గుణింతములు గల లిపిలో పుటలకొలది వ్రాయువానికి మీట యొక్క మెత్తదనము, లోతు, స్థానము అల్పవిషయములు కావు. వాడుకరుల చింత వట్టి సణుగుడు కాదనుటకు తయారుచేసినవారే సాక్షులు: 2017 లో వంశమునకు ఇరువదియైదేండ్లు నిండిన సందర్భమున వెలువరించిన ప్రత్యేకయంత్రమున ఏడు వరుసలను మరల కూర్చిరి.

సన్నదనముకొఱకు మీటలను బలియిచ్చిన కథ మఱియొక వంశమునందును కలదు. ఆపిల్ సంస్థ 2015 లో సీతాకోకచిలుక యను పేరుగల మీటలను ప్రవేశపెట్టెను. ఇసుకరేణువంత దుమ్ము చేరినను కొన్ని మీటలు మొరాయించుట, ఒక్కమారు నొక్కిన రెండక్షరములు పడుట మొదలైన ఫిర్యాదులు వచ్చెను. 2018 లో ఆ సంస్థ ఉచితముగా బాగుచేయు ఏర్పాటు ప్రకటించెను. 2019 నవంబరులో తెచ్చిన పదునాఱంగుళముల యంత్రమున ఆ పద్ధతిని విడిచి, మునుపటి కత్తెరపద్ధతికి మరలెను. 2022 లో అమెరికాలో ఈ విషయమైన వ్యాజ్యమును 5 కోట్ల డాలర్లతో పరిష్కరించుకొనెను. ముందునకు వేసిన అడుగెల్ల అభివృద్ధి కాదనుటకు ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము వెదకనక్కఱలేదు.

రెండవది, విప్పుటకు వీలు. టి420 యంత్రమున బ్యాటరీని గడియ జరిపి చేతితోనే ఊడదీయవచ్చును. ర్యాము మార్చుటకు, డిస్కు మార్చుటకు సామాన్యమైన స్క్రూడ్రైవరు చాలును. ఏ భాగమును ఎట్లు విప్పవలయునో బొమ్మలతో తెలుపు మరమ్మతు పుస్తకమును తయారుచేసినవారే అందఱకు అందుబాటున నుంచిరి. మఱి యొకవైపు చూడుడు. 2008 జనవరిలో కాగితపు కవరునుండి వెలికిదీసి లోకమునకు చూపబడిన మాక్‌బుక్ ఎయిర్ యంత్రమున ర్యాము మదర్‌బోర్డునకే టంకముతో అతుకబడెను. 2012 నాటి రెటీనా మాక్‌బుక్ ప్రో యంత్రమున బ్యాటరీయు జిగురుతో అంటింపబడెను. యంత్రములను విప్పి పరీక్షించు ఐఫిక్సిట్ వారు, తాము చూచినవానిలో బాగుచేయుటకు అతిదుర్ఘటమైన ల్యాప్‌టాపు అదియే యని అప్పుడు తీర్పుచెప్పిరి. ఆ యేటనే థింక్‌ప్యాడు వంశమున పుట్టిన ఎక్స్1 కార్బన్ యంత్రమునను ర్యాము అతుకుడే. వ్యాధి ఒక యింటికే పరిమితము కాలేదు.

దీని ఫలమేమి? కొనునాడే, ఆ యంత్రము బ్రతికినంతకాలము తనకెంత ర్యాము కావలయునో కొనువాడు జోస్యము చెప్పుకొనవలెను. పేదవిద్యార్థి అట్లు చేయలేడు. నేడు తక్కువవెలది కొని, రేపు చేతిలో నాలుగు రూపాయలు ఆడినప్పుడు పెంచుకొందమను మార్గము వానికి మూయబడినది. మరమ్మతు పనివారికిని ఇది దెబ్బయే. సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరువంటి చోట్ల పాత ల్యాప్‌టాపులకు ప్రాణము పోసి బ్రతుకు పనివారి నేర్పు విప్పదగిన యంత్రములపై ఆధారపడియున్నది. వారు బాగుచేసిన యంత్రములే క్రొత్తవి కొనలేని కుటుంబముల బిడ్డలకు మొదటి కంప్యూటర్లగుచున్నవి. మఱియు ల్యాప్‌టాపు తన జీవితకాలమున వాతావరణమునకు చేయు కీడులో అధికభాగము అది కార్ఖానానుండి వెలువడకముందే జరిగిపోవును. కాన నాలుగేండ్లు వాడి పాఱవైచు యంత్రము ఎంత తక్కువ విద్యుత్తు త్రాగినను మితవ్యయమని చెప్పజాలము.

ఇక పూర్వపక్షమును విందము. క్రొత్త యంత్రముల సుగుణములను కాదనుట అన్యాయము. 2011 నాటి యంత్రములలో పెక్కింటి తెర 1366 బిందువుల వెడల్పు, 768 బిందువుల ఎత్తు గలది. నేటి తెరలయెదుట అది మసకగాజువలె తోచును. టి420 బరువు రెండు కిలోగ్రాములకు పైమాట. ఇప్పటి పద్ధతులలో కుదించిన వీడియోలను విప్పుటకు తగిన అంగము ఆనాటి ప్రాసెసరులో లేదు. అందుచే పాఠము వినుచుండగానే యంత్రము వేడెక్కి రొద చేయును. 2020 నవంబరులో వచ్చిన ఆపిల్ యం1 ప్రాసెసరు, విసనకఱ్ఱ లేని యంత్రమున చల్లగా, వేగముగా, దినమంత బ్యాటరీపై పనిచేయుట సాధ్యమని చూపినది. ర్యామును ప్రాసెసరునకు దాపున అతికించుటవలన విద్యుత్తు ఆదాయగుననుటయు సత్యమే. ఈ వాదములు బలమైనవి.

పాతవానికి దోషములు లేవా? కలవు. ఆ టి420, ఎక్స్220 లలోనే, తయారుచేసినవారి పట్టికలో లేని వైఫై కార్డును పెట్టినచో యంత్రము మేల్కొననే మేల్కొనదు. స్క్రూ విప్పనిచ్చిన చేతితోనే సాఫ్టువేరుతో తాళము వేసిరన్నమాట. తెర సంగతియు నట్టిదే. ఈ వంశపు మొదటి యంత్రముల తెరలు ఎత్తైనవి. 2011 నాటికి సినిమాల కనువుగా వెడల్పు పెరిగి ఎత్తు తఱిగెను. చదువువానికి ఎత్తు కావలెను. ఈ మధ్యకాలపు యంత్రములు ఆ ఎత్తును కొంత మరల నిచ్చినవి. ఈ విషయమున క్రొత్తదియే మేలు. పాతను పూజించువారిలో ఒకరు 2011 తరువాత మంచి యంత్రమే పుట్టలేదందురు. వేఱొకరు ఎత్తైన తెర పోయిననాడే అంతయు పోయినదందురు. స్వర్ణయుగము ఒక్కొక్కనికి ఒక్కొక్కచోట ముగియుచున్నది. ఇట్టి కొలతబద్దతో గుణము నిర్ణయింపరాదు.

మఱి ఆ ప్రీతియందు గుణమెంత, భ్రమ యెంత? దీనిని తేల్చుటకు ఒక సంగతి తోడ్పడును. 51ఎన్‌బి యను పేరుగల చైనాదేశపు ఔత్సాహికులు, 2010 కాలపు ఎక్స్201 పెట్టెలో సరిగా ఇముడునట్లు 2017 తరువాతి ప్రాసెసరులతో క్రొత్త మదర్‌బోర్డును తయారుచేసి ఎక్స్210 అని పేరిడిరి. కొనువారు కొనిరి. వారికి పాత కీబోర్డు కావలెను, పాత పెట్టె కావలెను. పాత ప్రాసెసరు అక్కఱలేదు. ప్రీతి వయస్సుపై నున్నచో ఇట్లు చేయనేల? చేతికి ఒదుగుట, విప్పుటకు వీలగుట, భాగమును మార్చుకొని బ్రతుకుట అను గుణములపైననే వారి ప్రీతి. ఆ గుణములు నేటి యంత్రమునందు దొరకినచో పాతదాని జోలికి పోవువారు మిక్కిలి తగ్గుదురని మా నిశ్చయము.

పాతదానిని పట్టుకొని వ్రేలాడుటలో ప్రీతి కాని రకమొకటి కలదు. మన తెలుగుదేశపు డి.టి.పి. దుకాణములలో అను ఫాంట్లతో, పేజ్‌మేకరుతో పనిచేయు పాతకంప్యూటర్లను చూడని ప్రచురణకర్త అరుదు. పేజ్‌మేకరు చివరి రూపము 2001 నాటిది. ఆ ఫాంట్లలో కూర్చిన పాఠము యూనికోడులో లేదు. అందుచే పాత గ్రంథముల ఫైళ్లు తెఱచుటకై పాత యంత్రమును కాపాడవలసి వచ్చుచున్నది. ఇది ప్రేమ కాదు, బంధనము. విండోస్ ఎక్స్‌పీకి రక్షణసవరణలు 2014 ఏప్రిలుతో నిలిచిపోయినవి. అట్టి యంత్రమును అంతర్జాలమునకు కలుపుట తలుపులేని యింట నిద్రించుట వంటిది. ప్రచురణకర్తలు తమ పాఠములను యూనికోడునకు మార్చి, ఈ బంధనము త్రెంచుకొనుట తక్షణకర్తవ్యము. యంత్రము చచ్చిననాడు గ్రంథము కూడ చావరాదు.

ఇందుకు విలోమమైన అన్యాయమొకటి కలదు. యంత్రము చక్కగా పనిచేయుచుండగానే దానికి వార్ధక్యము వచ్చినదని శాసించుట యది. 2021 లో వచ్చిన విండోస్ 11, కొన్ని భద్రతాంగములు, నూతన ప్రాసెసరులు గల యంత్రములనే అంగీకరించెను. 2025 అక్టోబరు 14 తో విండోస్ 10 కి సామాన్య సంరక్షణ ముగిసెను. దృఢముగానున్న లెక్కలేనన్ని యంత్రములు ఒక్క తేదీతో వెలివేయబడినవి. లినక్సు ఇట్టివానికి ఆశ్రయమిచ్చుచున్నది. వ్రాత, చదువు, లెక్కలు, ఉత్తరప్రత్యుత్తరములు అను పనులకు అది చాలును. పాఠశాలలును గ్రంథాలయములును ఈ మార్గమును తలచినచో పాఱవేయబడు యంత్రములు విద్యాదానమునకు ఉపకరించును.

సన్నదనము, మార్పుకు వీలు కలిసియుండవను వాదము నేడు నిలువదు. 2021 లో ఫ్రేమ్‌వర్క్ సంస్థ, కొనువాడే ర్యామును, బ్యాటరీని, మదర్‌బోర్డును సయితము మార్చుకొనదగిన సన్నని ల్యాప్‌టాపును వెలువరించెను. 2024 లో లెనోవో టి14 ఐదవతరము యంత్రమునకు బాగుచేయు వీలులో ఐఫిక్సిట్ వారు పదింట తొమ్మిది గుణములిచ్చిరి. తక్కువ విద్యుత్తు త్రాగు ర్యామును స్క్రూలతో బిగించి విప్పదగిన క్రొత్త పద్ధతియు ఆ యేటనే అదే సంస్థ యొక్క పి1 యంత్రమున కనబడెను. ఐరోపా సమాఖ్యవారు, ఇట్టి పరికరముల బ్యాటరీని వాడుకరియే తీయగలుగునట్లుండవలెనను నియమమును 2027 ఫిబ్రవరి 18 నుండి వర్తించునట్లు 2023 లో శాసించిరి. మన కేంద్రప్రభుత్వమును 2022 లో మరమ్మతు హక్కునకై ఒక సంఘమును నియమించి, ఆ యేడాది డిసెంబరులో ఒక పోర్టలును తెఱచెను. సమాచారమిచ్చుట మంచిదే, అయినను బ్యాటరీని జిగురుతో అంటింపరాదని నిర్బంధించు శాసనము దానికి సమానము కాదు. మన శాసనకర్తలు ఆ రెండవ అడుగు వేయవలసియున్నది.

పాతది గనుక మంచిదనుటయు, క్రొత్తది గనుక మంచిదనుటయు ఒక్క సోమరితనమునకు రెండు పేర్లు. యంత్రమును కొనబోవు చదువరి అంగడివాని యెదుట మూడు ప్రశ్నలు వేయవలెను: ఈ మీటలపై గంటలకొలది వ్రాయగలనా? బ్యాటరీ పోయిననాడు మా ఊరి పనివాడు మార్చగలడా? ర్యాము చాలనినాడు పెంచవచ్చునా? విద్యార్థులకు వేలకొలది యంత్రములను ఒక్కమారుగా కొను ప్రభుత్వములును కళాశాలలును ఈ ప్రశ్నలనే టెండరు పత్రములలో వ్రాసినచో తయారుచేయువారు వినక తప్పదు. ఒక్కరి గొంతుక వారికి వినబడకపోవచ్చును; పదివేల యంత్రముల బేరము వినబడును. పాత ల్యాప్‌టాపు మనకు చెప్పుచున్న పాఠ మింతమాత్రమే: కొన్న వస్తువు కొన్నవానికి లొంగియుండవలెను. ఆ పాఠమును క్రొత్త యంత్రములు నేర్చుకొన్ననాడు పాతవానిని గౌరవముతో అటకెక్కింపవచ్చును. అంతవఱకు వానిని బల్లమీదనే యుంచుకొందము.